లండన్ గన్‌పౌడర్ ప్లాట్ వాకింగ్ టూర్ రివ్యూ: కథ బాగా చెప్పారు, శిక్షల దగ్గరే చెడగొట్టారు

ముందే చెప్పేస్తున్నాను, ఈ టూర్‌కి వెళ్లండి. నవంబర్ 5 వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లం పిల్లల్ని వెంటేసుకుని దగ్గర్లో ఉన్న పార్కుకో క్రికెట్ గ్రౌండుకో వెళ్తాం, పెద్ద మంట చూస్తాం, బాణసంచా చూస్తాం, చలికి వణుకుతూ ఇంటికొచ్చేస్తాం. ఇదంతా ఎందుకు చేస్తున్నారని పిల్లలు అడిగితే "ఎవరో గై ఫాక్స్ అట, పార్లమెంట్ పేల్చేద్దామనుకున్నాడట, దొరికిపోయాడట" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ ఒక్క ముక్క వెనక, అంటే 1605 నాటి గన్‌పౌడర్ ప్లాట్ (మందుగుండు కుట్ర) వెనక, ఎంత కథ ఉందో, ఎంతమంది బతుకులు అందులో బుగ్గిపాలయ్యాయో, ఆ కథ జరిగిన వీధుల్లోనే నడిపిస్తూ రెండు గంటల్లో చెప్పే టూర్ ఇది. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు కొన్ని గట్టి ఫిర్యాదులే ఉన్నాయి, పైగా ఇలాంటి టూర్లు నడిపేవాళ్లు లండన్‌లో చాలామంది ఉన్నారు కాబట్టి నేను చెప్పేవి మీరు ఏది బుక్ చేసుకున్నా పనికొస్తాయి.

వివరాలు క్లుప్తంగా: స్ట్రాండ్ రోడ్డులో సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చి దగ్గర మొదలై, వైట్‌హాల్ మీదుగా నడిచి, పార్లమెంట్ పక్కన ఓల్డ్ ప్యాలెస్ యార్డ్ దగ్గర ముగుస్తుంది. దాదాపు రెండు కిలోమీటర్ల నడక, టికెట్ మనిషికి 20 పౌండ్ల లోపే. మా గుంపులో ఇరవైమంది దాకా ఉన్నారు, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు అవీ ఏమీ ఇవ్వలేదు. స్ట్రాండ్‌లో బస్సుల రొదకి వెనక నిలబడ్డవాళ్లకి సగం మాటలు వినపడలేదు, కాబట్టి మొహమాటపడకుండా ముందుకెళ్లి గైడ్ పక్కనే నిలబడండి.

ఈ టూర్‌లో నాకు బాగా నచ్చింది, మొదలుపెట్టడమే గై ఫాక్స్‌తో మొదలుపెట్టకపోవడం. అందరూ అతని పేరే చెప్తారు, దిష్టిబొమ్మ అతనిదే తగలబెడతారు, మాస్కు కూడా అతని ముఖంతోనే అమ్ముతారు, కానీ కుట్ర అతనిది కాదు, రాబర్ట్ కేట్స్‌బీ అనే ఒక పెద్దింటి క్యాథలిక్కుది. 1604 మే 20న స్ట్రాండ్‌లో డక్ అండ్ డ్రేక్ అనే సత్రంలో అయిదుగురు కూర్చున్నారు: కేట్స్‌బీ, అతని బంధువు థామస్ వింటర్, జాన్ రైట్, థామస్ పర్సీ, గై ఫాక్స్. ప్రార్థన పుస్తకం మీద చెయ్యేసి, ఈ రహస్యం బయటపెట్టమని ప్రమాణం చేశారు. ఆ తర్వాత పక్క గదిలో జాన్ జెరార్డ్ అనే జెస్యూట్ (ఒక క్యాథలిక్ సంఘం) ఫాదర్ దగ్గర మాస్‌లో (క్యాథలిక్ ఆరాధనలో) పాల్గొన్నారు. ఆ సత్రం ఇప్పుడు లేదు. అయినా గైడ్ ఆ అయిదుగురిలో ఒక్కొక్కరి వయసు, కుటుంబం, ఎవరు ఎవరికి బావమరిదో ఎవరు ఎవరికి పిన్ని కొడుకో చెప్తుంటే ఇది చుట్టరికాలతో అల్లుకున్న వ్యవహారమని అర్థమవుతుంది. చివరికి పదముగ్గురయ్యారు, అందులో సగంమంది ఒకళ్లకొకళ్లు చుట్టాలో స్నేహితులో. అలాంటి గుంపులో రహస్యం ఎంతకాలం దాగుతుంది చెప్పండి.

ఇక్కడే ఒక లోపం. వాళ్లకి అంత కోపం ఎందుకు వచ్చిందో గైడ్ రెండు వాక్యాల్లో చెప్పి ముందుకెళ్లిపోయాడు, "అప్పట్లో క్యాథలిక్కుల్ని ఇబ్బంది పెట్టేవాళ్లు" అని. ఇబ్బంది అనేది చాలా చిన్న మాట. ఎలిజబెత్ రాణి కాలంలో, 1581 చట్టం ప్రకారం ఆంగ్లికన్ (అధికారిక ప్రొటెస్టెంట్) చర్చికి ప్రార్థనకి రానివాళ్లకి నెలకి 20 పౌండ్ల జరిమానా. ఆ రోజుల్లో కూలి చేసుకునేవాడు ఏడాది పొడుగునా పనిచేసినా అంత డబ్బు కళ్లజూసేవాడు కాదు. క్యాథలిక్ ఫాదర్లకి ఆశ్రయం ఇస్తే ఉరి. అందుకే ఇళ్లల్లో గోడల వెనక, మెట్ల కింద, పొయ్యి గొట్టం పక్కన మనిషి పట్టేంత రహస్యపు అరలు కట్టుకుని ఫాదర్లని దాచుకునేవాళ్లు. 1603లో ఎలిజబెత్ పోయి స్కాట్లండ్ రాజు ఆరో జేమ్స్ ఇంగ్లండ్‌కి మొదటి జేమ్స్‌గా వచ్చినప్పుడు, తల్లి మేరీ క్యాథలిక్ కదా, కాస్త కనికరిస్తాడని ఆశపడ్డారు. మొదట్లో జరిమానాలు కొంచెం సడలించాడు కూడా. 1604 ఫిబ్రవరి వచ్చేసరికి ఫాదర్లందరూ దేశం వదిలి పోవాలని ఉత్తర్వు ఇచ్చాడు, జరిమానాలు మళ్లీ మొదలయ్యాయి. మే నెలలో ఆ సత్రంలో కూర్చున్నవాళ్ల మనసులో ఇదంతా ఉంది. ఆశ పెట్టి వమ్ము చేస్తే వచ్చే కోపం వేరు. అంతమాత్రాన వందలమందిని ఒక్క దెబ్బతో చంపేద్దామనుకోవడం న్యాయమని నేననడం లేదు. కానీ ఈ సంగతి తెలియకపోతే వాళ్లు ఉత్త పిచ్చివాళ్లలా కనిపిస్తారు, టూర్‌కి వచ్చిన సగంమంది అలాగే అనుకుని వెళ్లిపోయుంటారు.

గై ఫాక్స్ గురించి మాత్రం చక్కగా చెప్పాడు. 1570లో యార్క్‌లో పుట్టాడు, అక్కడి సెయింట్ పీటర్స్ స్కూల్లో చదివాడు, తర్వాత ఇంగ్లండ్ వదిలిపోయి ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల్లో స్పెయిన్ సైన్యం తరఫున పోరాడాడు, అక్కడే గై కాస్తా గైడో అయ్యాడు. మందుగుండు వాడకం తెలిసినవాడు, పైగా ఏళ్ల తరబడి దేశంలో లేడు కాబట్టి లండన్‌లో అతని ముఖం ఎవరికీ తెలియదు. అందుకే ఆ పనికి అతన్ని పిలిపించారు. పర్సీ నౌకరునని చెప్పుకుంటూ జాన్ జాన్సన్ అనే దొంగపేరుతో తిరిగాడు. యార్క్‌లో అతను చదివిన ఆ స్కూల్లో ఇప్పటికీ నవంబర్ 5న గై ఫాక్స్ బొమ్మని తగలబెట్టరట, పాత విద్యార్థిని తగలబెట్టడం బాగుండదని. ఈ మాట చెప్పినప్పుడు మా గుంపులో ఒక పెద్దాయన తల ఊపాడు, నాకూ బాగా అనిపించింది.

వైట్‌హాల్ దారిలో నడుస్తుంటే ఒక పిల్లాడు, పదేళ్లుంటాయేమో, అందరి మనసులో ఉన్న ప్రశ్న అడిగేశాడు: అంత తుపాకీమందు ఎవరూ చూడకుండా పార్లమెంట్ కిందకి ఎలా తెచ్చారని. గైడ్ ఆగి, ఆ పిల్లాడికే చెప్తున్నట్టు చెప్పాడు. ఇప్పుడు తుపాకీలు పట్టుకున్న పోలీసులు, ఇనుప గేట్లు, స్కానర్లు ఉన్నాయి గానీ అప్పటి వెస్ట్‌మిన్‌స్టర్ ప్యాలెస్ ఒక ఇరుకు సందుల బజారులా ఉండేదట. హాళ్ల మధ్య ఇళ్లు, కొట్లు, సారా దుకాణాలు, కింద గదులన్నీ వ్యాపారులకి అద్దెకి. పర్సీకి రాజు అంగరక్షక దళంలో ఉద్యోగం ఉంది కాబట్టి అతను పక్కన ఇల్లు అద్దెకి తీసుకుంటే ఎవరూ అనుమానించలేదు. 1605 మార్చిలో హౌస్ ఆఫ్ లార్డ్స్ (పార్లమెంట్‌లో ప్రభువుల సభ) సరిగ్గా కిందున్న నేలమాళిగే అద్దెకి దొరికింది. నదికి అవతల లాంబెత్‌లో కేట్స్‌బీ ఇంట్లో నిల్వచేసిన మందుని థేమ్స్ దాటించి తెచ్చి ఆ గదిలో పేర్చారు. మొత్తం 36 పీపాలు, పైన కట్టెలు, బొగ్గులు. చలికాలానికి వంటచెరకు దాచుకున్నట్టు ఉంటుంది చూసేవాళ్లకి. పిల్లాడు వెంటనే "మరి అద్దె ఎవరు కట్టారు" అని అడిగాడు, పర్సీ పేరు మీదే రాసుకున్నారని గైడ్ చెప్పాడు, తర్వాత దర్యాప్తులో ముందు బయటికొచ్చిన పేరూ అదే. ఇలా ప్రశ్నకి ఆగి జవాబు చెప్పే గైడ్ దొరకడం అదృష్టం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాడు, నాకు ఇంతకుముందు తెలియదు. పార్లమెంట్ అసలు 1605 ఫిబ్రవరిలో సమావేశం కావాలి, రాజు వచ్చే ఆ రోజే పేల్చేయాలని వాళ్ల ప్లాన్. ప్లేగు భయంతో అక్టోబర్ 3కి వాయిదా వేశారు, మళ్లీ నవంబర్ 5కి వేశారు. ఆ వాయిదాల్లో నెలలు గడిచాయి, ఖర్చులు పెరిగాయి, డబ్బున్నవాళ్లని ఇంకొందరిని కుట్రలోకి చేర్చుకోవాల్సి వచ్చింది. ఆంబ్రోస్ రూక్‌వుడ్, ఎవరార్డ్ డిగ్బీ, ఫ్రాన్సిస్ ట్రెషమ్, ముగ్గురూ చివర్లో అలా వచ్చినవాళ్లే. ట్రెషమ్ రావడంతోనే కథ మలుపు తిరిగిందని చాలామంది అనుమానం.

అక్టోబర్ 26 సాయంత్రం హాక్స్‌టన్‌లో మాంటీగిల్ ప్రభువు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది, కింద సంతకం లేదు. ఏదో సాకు చెప్పి ఈ పార్లమెంట్‌కి వెళ్లకు, వాళ్లకి భయంకరమైన దెబ్బ తగలబోతోంది, కొట్టింది ఎవరో కూడా వాళ్లకి కనపడదు అని దాని సారాంశం. మాంటీగిల్ క్యాథలిక్ కుటుంబం వాడు, ట్రెషమ్‌కి స్వయానా బావ. బావ ప్రాణం కాపాడుకోవాలని ట్రెషమే రాశాడని కేట్స్‌బీకి అనుమానం వచ్చి నిలదీశాడు, ట్రెషమ్ ఒట్టేసి కాదన్నాడు. ఎవరు రాశారో ఈ రోజుకీ తేలలేదు. ఉత్తరం సంగతి కుట్రదారులకి వెంటనే తెలిసిపోయింది, అయినా ఆగలేదు. ఈ భాగం చెప్పేటప్పుడు గైడ్ గొంతు తగ్గించి, తొందరపడకుండా, ఉత్తరం నకలు కాగితం చేతికిచ్చి అందరినీ చూడనిచ్చాడు. టూర్ మొత్తంలో ఇదే బెస్ట్. డబ్బులు ఇక్కడే వసూలైపోయాయి.

మాంటీగిల్ ఆ ఉత్తరాన్ని రాజుగారి ముఖ్య మంత్రి రాబర్ట్ సెసిల్‌కి ఇచ్చాడు. రాజు రాయిస్టన్‌లో వేటలో ఉన్నాడు, తిరిగొచ్చాక నవంబర్ 1న చూపించారు. నవంబర్ 4న మొదటిసారి సోదా చేసినప్పుడు నేలమాళిగలో కట్టెల గుట్ట, దాని దగ్గర పొడుగాటి నౌకరు కనిపించారు, చూసి వెళ్లిపోయారు. ఎవరి గది ఇదని ఆరా తీస్తే పర్సీ పేరు వచ్చింది, అనుమానం గట్టిపడింది. ఆ అర్ధరాత్రి రాజుగారి అధికారి సర్ థామస్ నివెట్ మనుషులతో మళ్లీ వెళ్లాడు. ఫాక్స్ ప్రయాణానికి సిద్ధమైనట్టు బూట్లు, అంగీ వేసుకుని ఉన్నాడు, ఒంటి మీద వత్తి, నిప్పు ముట్టించే సరంజామా దొరికాయి. తెల్లవారకముందే రాజుగారి పడకగదికి తీసుకెళ్లారు. ఇంత మందు ఎందుకని అడిగితే, స్కాట్లండ్ వాళ్లని మళ్లీ మీ కొండల్లోకే ఎగరగొట్టడానికి అని మొహం మీదే అన్నాడట. అతని గుండెధైర్యాన్ని జేమ్స్ కూడా మెచ్చుకున్నాడని రాసిపెట్టారు.

తర్వాత జరిగింది వినడం కష్టం. ఇంగ్లండ్ మామూలు చట్టం చిత్రహింసలకి ఒప్పుకోదు, రాజు ప్రత్యేకంగా అనుమతించాలి. నవంబర్ 6న జేమ్స్ స్వయంగా రాసిచ్చాడు, ముందు తేలికపాటివి వాడండి, తర్వాత మెట్టుమెట్టుగా అన్నిటికన్నా ఘోరమైన వాటి దాకా వెళ్లండి అని. గైడ్ రెండు సంతకాల ఫొటోలు పక్కపక్కన పట్టుకుని చూపించాడు. చిత్రహింసల తర్వాత పెట్టిన దాంట్లో "గైడో" అన్నది మసకగా, తెగిపోతూ, కలం పట్టుకోలేని చేత్తో గీకినట్టుంది. రోజుల తర్వాత పెట్టిన రెండో దాంట్లో చెయ్యి మళ్లీ కుదురుకుంది. నేను ఆ మొదటి కాగితం వైపు చాలాసేపు చూశాను. అసలు పత్రాలు లండన్‌లోని క్యూ (Kew) అనే ప్రాంతంలో నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉన్నాయి. మనిషి చేసిన నేరం ఎంత పెద్దదైనా సరే, ఆ గీతలు చూశాక వెంటనే ఇంకో మాట మాట్లాడాలనిపించలేదు.

ఓల్డ్ ప్యాలెస్ యార్డ్ చేరేసరికి చాలామంది నిరాశపడ్డారు, ఎందుకంటే ఆ నేలమాళిగ చూస్తామని వచ్చారు. అది లేదు! పాత హౌస్ ఆఫ్ లార్డ్స్ భవనాన్ని 19వ శతాబ్దం మొదట్లో కూల్చేశారు, మిగతా ప్యాలెస్‌లో చాలా భాగం 1834 అక్టోబర్ 16 రాత్రి మంటల్లో పోయింది. మనం ఇప్పుడు ఫొటోలు దిగే పార్లమెంట్ ఆ తర్వాత కట్టింది. ఈ సంగతి టికెట్ పేజీలోనే రాయాలి, రాయలేదు, ఇది కంపెనీ తప్పే. పాతకాలం నాటిది మిగిలింది ముఖ్యంగా వెస్ట్‌మిన్‌స్టర్ హాలు, 1097 నాటి కట్టడం. బతికి మిగిలిన ఎనిమిదిమంది కుట్రదారుల విచారణ 1606 జనవరి 27న ఆ హాల్లోనే, ఒక్క రోజులో ముగించేశారు. ఈ టూర్‌లో లోపలికి తీసుకెళ్లరు. పార్లమెంట్ వాళ్ల టూర్ విడిగా బుక్ చేసుకుని ఆ హాల్లో ఒకసారి నిలబడి పైకప్పు చూడండి, తర్వాత ఈ కథ వింటే వేరేగా ఉంటుంది.

కేట్స్‌బీ వాళ్ల చివరి మూడు రోజుల గురించి మాత్రం గైడ్ హడావిడిగా చెప్పేశాడు, టైమ్ అయిపోతోందని. ఇది నాకు నచ్చలేదు, ఎందుకంటే కథలో గుండె తరుక్కుపోయే భాగం ఇదే. పేలుడు జరగ్గానే కోవెంట్రీ దగ్గర కూంబ్ ఆబేలో ఉన్న జేమ్స్ కూతురు, తొమ్మిదేళ్ల యువరాణి ఎలిజబెత్‌ని ఎత్తుకొచ్చి గద్దె మీద కూర్చోబెట్టాలని వాళ్ల ప్లాన్. ఫాక్స్ దొరికాడని తెలిశాక లండన్ నుంచి గుర్రాల మీద పారిపోయారు, దారిలో క్యాథలిక్కులు కలిసివస్తారని ఆశపడ్డారు, ఎవరూ తలుపు తీయలేదు. స్టాఫర్డ్‌షైర్‌లో హోల్‌బీచ్ హౌస్ చేరేసరికి వెంట తెచ్చుకున్న మందు వానకి తడిసిపోయింది, దాన్ని నిప్పు పక్కన ఆరబెట్టారు. నిప్పురవ్వ పడింది. రాజుని పేల్చేద్దామనుకున్నవాళ్ల ఒళ్లే కాలింది, కుట్రదారుల్లో ఒకడైన జాన్ గ్రాంట్ చూపు పోయింది. నవంబర్ 8 ఉదయం వూస్టర్‌షైర్ షెరీఫ్ రెండొందలమందితో ఇల్లు చుట్టుముట్టాడు. కేట్స్‌బీ, పర్సీ ఇద్దరూ ఒకే తుపాకీ గుండుకి పడిపోయారని చెప్తారు, రైట్ అన్నదమ్ములిద్దరూ అక్కడే పోయారు. దీనికి కనీసం పది నిమిషాలు ఇవ్వాలి. రెండు నిమిషాల్లో ముగించి, మిగిలిన సమయమంతా శిక్షల మీద పెట్టాడు.

శిక్షల దగ్గరే నాకు ఈ టూర్ మీద కోపం వచ్చింది. 1606 జనవరి 30న సెయింట్ పాల్స్ దగ్గర నలుగురు, 31న మేం నిలబడ్డ ఓల్డ్ ప్యాలెస్ యార్డ్‌లోనే నలుగురు. తడికల మీద కట్టేసి గుర్రాలతో వీధుల్లో ఈడ్చుకొచ్చారు, ఉరి తీసి, ప్రాణం ఉండగానే దించి, కడుపు చీల్చి, ఒంటిని నాలుగు ముక్కలు చేశారు. ఫాక్స్ మాత్రం ఉరి దగ్గరే మెడ విరిగి పోయాడు, మిగతాదంతా శవానికే జరిగింది. ఇదంతా గైడ్ అభినయించాడు. గుంపులోంచి ఒకాయన్ని ముందుకి పిలిచి, నాలుక బయటపెట్టి, పేగులు లాగుతున్నట్టు చేతులు తిప్పి, అందరినీ నవ్వించాడు. పిల్లలు కూడా నవ్వారు. అరగంట ముందు ఇదే మనిషి ఆ వణికిన సంతకం చూపించి మాట రాకుండా చేశాడు, మరి ఇప్పుడు ఏమైందో! అక్కడ నిజంగా మనుషులు చచ్చిపోయారు. రూక్‌వుడ్‌ని ఈడ్చుకుపోతుంటే దారిలో అతని భార్య చూస్తూ ఉంది. చరిత్ర చెప్పేవాళ్లకి ఈ మాత్రం మర్యాద ఉండాలి, ఎంత పాత సంగతైనా సరే.

ఇంకో పేరు అసలు ఎత్తనే లేదు, థామస్ బేట్స్. కేట్స్‌బీ ఇంటి నౌకరు. యజమాని ఏదో చేస్తున్నాడని గ్రహించాడు కాబట్టి, బయట చెప్పకుండా ఉండటానికి అతన్నీ 1604 డిసెంబర్‌లో కుట్రలో కలిపేసుకున్నారు. మిగతావాళ్లు ఎక్కువమంది భూములున్న పెద్దమనుషులు, కావాలని దిగారు. బేట్స్‌కి వద్దనే అవకాశం ఎంత ఉండి ఉంటుంది? జనవరి 30న చచ్చిన నలుగురిలో అతనొకడు. గైడ్‌ని అడిగితే "అవును, ఒక సర్వెంట్ కూడా ఉన్నాడు" అని వదిలేశాడు. పెద్దింటివాళ్ల పేర్లు అన్నీ గుర్తుండి, ఈ ఒక్క పేరు గుర్తులేకపోవడం నాకు బాధనిపించింది.

చివర్లో సస్పెన్స్ కోసం "అసలు ఇదంతా సెసిల్ ఆడించిన నాటకమా?" అని ఒక ప్రశ్న గాల్లోకి వదిలి, జవాబు చెప్పకుండా చప్పట్లు కొట్టించుకున్నాడు. ఈ అనుమానం కొత్తది కాదు, ఉత్తరం అంత అనుకూలంగా రావడం, సెసిల్ అంత నింపాదిగా ఉండటం చూస్తే ఎవరికైనా కలుగుతుంది. కానీ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. సెసిల్‌కి ముందే కొంత ఉప్పంది ఉండొచ్చు, తర్వాత ఆ భయాన్ని పూర్తిగా వాడుకున్నాడు కూడా, అంతవరకే. ఏమీ లేని చోట ఆయుధాలతో మూడు రోజులు గుర్రాల మీద పరిగెత్తి, తడిసిన మందు ఆరబెట్టుకుని, చచ్చేదాకా ఎవరూ పోరాడరు. థామస్ వింటర్ ఇచ్చిన వాంగ్మూలం ఉంది, కుట్ర నిజం. జవాబు చెప్పకుండా వదిలేస్తే వినేవాళ్లు "అంతా గవర్నమెంట్ చేసిందేనట" అని ఇంటికెళ్లి చెప్తారు.

నవంబర్ 5 పండుగ ఎలా పుట్టిందో కూడా కొంచెం చెప్పాడు, ఇంకా చెప్పాల్సింది. కుట్ర బయటపడిన ఆ రాత్రే లండన్‌లో జనం మంటలు వేశారు. తర్వాత 1606లో పార్లమెంట్ చట్టమే చేసింది, ఏటా ఆ రోజు చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థనలు జరగాలని. ఆ చట్టం 1859 దాకా ఉంది, అంటే రెండున్నర శతాబ్దాలు ఇది సర్కారీ పండుగ. అదే పార్లమెంట్ క్యాథలిక్కుల మీద కొత్త ఆంక్షలు పెట్టింది, లాయర్లుగా, డాక్టర్లుగా పనిచేయకూడదంది, రాజుకి విధేయతా ప్రమాణం చేయమంది. వాళ్లు మళ్లీ పార్లమెంట్‌లో కూర్చోవడానికి 1829 దాకా ఆగాల్సి వచ్చింది. కుట్ర సంగతే తెలియని లక్షలమంది, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఆ భారం మోశారు. మంట చుట్టూ నిలబడి ఈ రోజు మనం చూసే సరదా వెనక ఇది ఉంది, గైడ్ దీన్ని ఒక్క మాటలో కూడా అనలేదు.

ఆ పాత వేడి ఇంకా ఎక్కడైనా కనిపిస్తుందంటే ససెక్స్‌లోని లూయిస్ ఊళ్లో. అక్కడ బోన్‌ఫైర్ సొసైటీలు కాగడాలతో వీధుల్లో ఊరేగుతాయి, క్వీన్ మేరీ (జేమ్స్ తల్లి కాదు, ఎలిజబెత్‌కి ముందు ఇంగ్లండ్‌ని ఏలిన క్యాథలిక్ రాణి) కాలంలో 1555 నుంచి 1557 మధ్య ఆ ఊళ్లో సజీవంగా దహనం చేసిన 17మంది ప్రొటెస్టెంట్ల గుర్తుగా 17 మండే శిలువలు మోస్తారు. క్లిఫ్ సొసైటీ వాళ్లు 1605లో పోప్‌గా ఉన్న అయిదో పాల్ దిష్టిబొమ్మని కూడా పేలుస్తారు. నవంబర్ 5 ఆదివారమైతే ముందురోజే జరుపుతారు. జనం విపరీతంగా ఉంటారు, రోడ్లు మూసేస్తారు, చంటిపిల్లలతో మాత్రం వెళ్లకండి. డెవన్‌లో ఆటరీ సెయింట్ మేరీలో అయితే మండే తారు పీపాలు భుజాన వేసుకుని పరిగెడతారు. ఇక లండన్‌లో, పార్లమెంట్ ప్రారంభోత్సవం జరిగే ప్రతిసారీ యోమన్ ఆఫ్ ది గార్డ్ (రాజు అంగరక్షకులు) వాళ్లు లాంతర్లు పట్టుకుని ఇప్పటికీ కింద గదులు వెతుకుతారు. ఇవన్నీ టూర్ చివర్లో చెప్తే ఎంత బాగుండేది.

వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. మధ్యాహ్నం స్లాట్ తీసుకోండి, నవంబర్ మొదటి వారంలో లండన్‌లో నాలుగున్నరకే చీకటి పడుతుంది, సాయంత్రం టూర్‌లో ఆ ఫొటో కాగితాలు సరిగ్గా కనపడవు. వాన కోటు తప్పనిసరి, ఎక్కడా నీడ పట్టున ఆగరు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలతో అయితే చివరి ఇరవై నిమిషాలు పక్కకి తప్పుకోవడం మంచిది. ఆక్స్‌ఫర్డ్ వెళ్లే పని ఉంటే ఆష్మోలియన్ మ్యూజియంలో గై ఫాక్స్ లాంతరు ఉంది, 1641 నుంచీ ఆ యూనివర్సిటీ దగ్గరే ఉంది, చూడండి. చిన్న ఇనుప లాంతరు అది. ఆ తర్వాత వారాంతం ఎలాగూ ఊళ్లో ఏదో ఒక మంట దగ్గరికి వెళ్తారు కదా. ఇంట్లో పెరట్లో కాల్చుకునేవాళ్లు టైమ్ గుర్తుపెట్టుకోండి, మామూలు రోజుల్లో రాత్రి 11 తర్వాత కాల్చకూడదు, నవంబర్ 5న 12 దాకా, దీపావళి రోజు రాత్రి 1 దాకా. కట్టెలు ముందే పేర్చిపెట్టుకుంటే వెలిగించే ముందు ఒకసారి కదిపి చూడండి, హెడ్జ్‌హాగ్‌లు (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువులు) లోపల దూరి పడుకుంటాయి.

రేటింగ్ అడిగితే అయిదుకి మూడున్నర ఇస్తాను. ఉత్తరం కథ, సంతకాలు, పిల్లాడి ప్రశ్నకి ఇచ్చిన జవాబు, వీటికే మూడు. కంపెనీకి ఈమెయిల్ కూడా పెట్టాను: టికెట్ పేజీలో నేలమాళిగ ఇప్పుడు లేదని రాయండి, వెనకవాళ్లకి వినపడే ఏర్పాటు చేయండి, శిక్షల దగ్గర ఆ నవ్వులాట మానేసి ఆ సమయం హోల్‌బీచ్‌కి ఇవ్వండి, థామస్ బేట్స్ పేరు చెప్పండి అని. చూస్తాం అని జవాబొచ్చింది. మార్చారని తెలిస్తే వచ్చే ఏడాది మా అక్కా బావా పిల్లలతో వచ్చినప్పుడు వాళ్లందరికీ ఇదే టూర్ బుక్ చేస్తాను, రేటింగ్ కూడా అప్పుడు మారుస్తాను.